వచ్చిన పని

తీర్పు చెప్పే రోజు పొద్దున్నే గాజు తలుపు తోసుకుని ఒక ముసలాయన ఆఫీసులోకి వచ్చాడు.

గుమ్మం దగ్గర బల్ల వేసుకు కూర్చునే అక్క పుస్తకం ముందుకు జరిపింది. దేవుడు దిగొచ్చినా సరే, అందులో రాయందే అడుగు పడనివ్వదు.

"పేరు, వచ్చిన పని రాయండి బాబాయ్."

ఆయన కాగితానికి ముక్కు ఆనించి మెల్లగా రాశాడు. అక్క అటు చూడనేలేదు. చెవి లోపలి గది మీదే ఉంది.

"బ్రౌజర్ చేసే పిల్లల్ని ఒక్కసారి చూడొచ్చా అమ్మా?"

"ఇవాళా! పొద్దుట్నుంచి వాళ్ళు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఇంకోరోజు రండి, పుణ్యముంటుంది."

ఆయన తల ఊపి, గుమ్మంలో ఆగాడు.

"ఈ తలుపు కింద రాసుకుంటోందమ్మా. కీలు బిగించండి."

'ఇదొకటి తక్కువైంది!' అనుకుంది అక్క.

ఆమె బాధ ఆమెది. వాళ్ళ బ్రౌజర్‌ను జనం ఊరికే వాడుకుంటారు. అందులో తన సెర్చ్‌ను ముందు పెట్టినందుకు, సొంత బ్రౌజర్ కూడా ఉన్న ఒక పెద్ద కంపెనీ ఇచ్చే డబ్బే ఇక్కడి నలభై ఇళ్ళకు తిండి. అది పోటీని తొక్కేయడమేనని ఆ కంపెనీ మీద దావా పడింది. ఆ డబ్బు ఇవ్వొద్దని కోర్టు అంటే, రేపే ఈ తలుపుకు తాళం.

మధ్యాహ్నం లోపల ఒక్కసారిగా కేకలు. పెద్ద ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు.

"బతికాం అక్కా! డబ్బు ఇవ్వొచ్చట. వేరే ఎవరి సెర్చ్‌నూ రానివ్వొద్దనే షరతు మాత్రం పెట్టకూడదట!"

అక్క కుర్చీలో కూలబడింది. ఆర్నెల్ల బరువు గుండె మీంచి దిగిపోయింది. నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"ఎవరి చలవరా ఇది?"

"మన చీమ చలవ!"

చీమను కళ్ళారా చూసినవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా ఆ మారుపేరుతో బ్రౌజర్‌లో తప్పులు వెతికి రాసి పంపుతున్న మనిషి. పైసా అడగలేదు.

"కోర్టుకు ఉత్తరం రాశాడక్కా. 'పెద్దవాణ్ణి కట్టడి చేయబోయి చిన్నవాడి నోటి దగ్గర కూడు లాగేస్తే, చివరికి మిగిలేది ఆ పెద్దవాడి బ్రౌజరే' అని. జడ్జిగారు తీర్పులో అదే చదివారు. కనబడితే కాళ్ళకు దండం పెడతాను!"

గాలికి తలుపు కదిలి, కింద కీచుమని రాసుకుంది.

అక్క గబుక్కున పుస్తకం తెరిచింది.

పేరు గడిలో వంకర అక్షరాలతో 'చీమ' అనీ, వచ్చిన పని గడిలో 'చూపు పోతోంది, ఉండగానే పిల్లల మొహాలు చూద్దామని' అనీ ఉంది.