తలుపు మీద మసి

చోడవరం సందుల్లో చెరకు ట్రాక్టరు ఎదురైతే పక్కకు తప్పుకోవాలని పసిపిల్లలకు కూడా తెలుసు.

సంధ్యారాణికీ తెలుసు. తప్పుకుంది కూడా. కానీ లోడు పక్కనుంచి పొడుచుకొచ్చిన చెరకు గడలకు ఆ సంగతి తెలియదు. కారు ముందు తలుపు మీద బర్రున గీత లాగేశాయి.

తన కారైతే ఏడ్చి ఊరుకునేది. అది ఆడపడుచు కారు.

ఆడపడుచు అర్ధమొగుడన్నారు. ఏడాదిగా మాటల్లేని రూపాదేవి వదిన మొన్ననే మనసు కరిగి వచ్చింది. కాశీయాత్రకు వెళుతూ, "మనలో మనకేటి సంధ్యా! నేనొచ్చేదాకా వాడుకో. జాగర్త" అని కొత్త తెల్లకారు తాళాలు చేతిలో పెట్టింది. ఆదివారం తిరిగొస్తుంది. తలుపు చూసిందంటే మళ్ళీ మాటలు బంద్, ఈసారి జన్మకి.

అందుకే చడీచప్పుడు లేకుండా కారును జగ్గయ్య పెయింటింగు షెడ్డులో ఇచ్చింది.

మర్నాడు వెళితే గీత పోయింది. దాని బదులు తలుపంతా నల్లటి చుక్కలు, ఆవాలు చల్లినట్టు. గోటితో గీకినా రావడం లేదు.

"ఏటిది జగ్గయ్యా?"

"చెరకాకు మసమ్మా. పక్క మడిలో తగలెట్టేరు. పచ్చి పెయింటు మీద పడిపోయింది. ఎండకి కలిసిపోద్దిలెండి."

"మసి ఎండకి కలిసిపోతాదా? ఈ పని చేసినోడు నా కంటపడితే పోలీసులకి పట్టిస్తాను!"

షెడ్డు లోపల ఏదో డబ్బా కిందపడింది.

"ఆ పెయింటర్ని తీసేసేనమ్మా. ఊరెల్లిపోయేడు" అన్నాడు జగ్గయ్య, ఎటో చూస్తూ.

కారును అనకాపల్లి తీసుకెళ్ళింది. అక్కడి మేస్త్రీ కారు చుట్టూ ఒక్కసారి తిరిగి పెదవి విరిచాడు.

"ఒకడు సెడగొట్టిన పన్లో మేం సెయ్యెట్టం మేడమ్. తలుపంతా గీకి మొదట్నుంచీ కొట్టాల. వారం పడతాది."

వారమెక్కడుంది? చెబితే నుయ్యి, చెప్పకపోతే గొయ్యి. మళ్ళీ జగ్గయ్య దగ్గరికే వచ్చింది.

"ఆ పెయింటర్ని ఒక్కసారి పంపించు జగ్గయ్యా. ఏటీ అనను. కాళ్ళట్టుకుంటాను. ఆడు చేసింది ఆడే బాగుచేస్తాడు."

"ఎక్కడని తెచ్చేదమ్మా ఆడ్ని!"

ఆ సాయంత్రం నుంచి ఇంకో బెడద. లుంగీ కట్టుకున్న బక్కమనిషి ఒకడు ఎదురింటి గోడ దగ్గర నిలబడి, కారు వైపే చూస్తున్నాడు. శుక్రవారం ఏకంగా గేటు దగ్గరికే వచ్చాడు.

"అమ్మా, ఒక బకెట్టు నీల్లిప్పించండి."

"తాగడానికి బకెట్టా?"

"తాగడానికి కాదమ్మా. ఈ కారు..."

"కారుతో నీకేటి పని? ఎల్లు, ఎల్లు!" గేటు ధడాలున వేసింది. ఆమె బాధలో ఆమె ఉంది పాపం.

శనివారం తెల్లవారుతుండగా గరగర చప్పుడుకి మెలకువ వచ్చింది. బయటికొచ్చి చూస్తే ఆ బక్కమనిషే. పక్కన మగ్గుతో నీళ్ళు పెట్టుకుని, కారు పక్కన గొంతుక్కూర్చుని, చేతిలో ఏదో నల్లటి కాగితంతో తలుపు రుద్దేస్తున్నాడు. తడి ఆరిన తలుపు పైసగం మెరుపంతా పోయి సున్నం గోడలా తయారైంది.

"ఏవండీ! కారు గీకేస్తన్నాడండీ!"

ఆమె భర్త శివాజీ కర్రతో వచ్చాడు.

"ఆగండి బాబూ! ఒక్క గంటాగండి, సగవే అయింది..."

"సగం పాడుచేసింది సాల్లేదేట్రా నీకు?"

మొదటి దెబ్బే కుడిచేతి మీద పడింది. ఆ మనిషి చెయ్యి పట్టుకుని, పారిపోకుండా తలుపు వైపు చూశాడు. రెండోసారి కర్ర లేచాక గానీ కదల్లేదు. మగ్గు అక్కడే ఉండిపోయింది.

సంధ్యారాణి మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చూడలేక తలుపు మీద పాత చీర కప్పేసింది.

మధ్యాహ్నం వదిన ఫోను. "రేపు పొద్దున్నే వస్తన్నాం సంధ్యా. నీకు గంగనీళ్ళు తెస్తన్నాను."

చీర వేలాడుతున్న కారునే తోలుకుని ఆఖరిసారిగా షెడ్డుకు వెళ్ళింది. తాళం వేసి ఉంది. ఎదుట అప్పలనరసమ్మ టీకొట్టు ఉంది. ఆ దొంగను ఎవరైనా పోలుస్తారేమోనని వెంట తెచ్చిన మగ్గు చూపించింది.

"ఇది నా మగ్గే తల్లీ! నీకెలాగొచ్చింది?"

సంధ్యారాణి జరిగింది చెప్పింది. అప్పలనరసమ్మ నీళ్ళ బకెట్టుతో కారు దగ్గరికొచ్చింది. చీర పక్కకు లాగింది. మగ్గు బకెట్లో ముంచి తలుపు మీద నీళ్ళు కొట్టింది.

తడికి తలుపు పైసగం తళతళా మెరిసింది. ఒక్క నల్లచుక్క లేదు. కిందిసగంలో ఆవాలు అలాగే ఉన్నాయి.

"మసి గీకేసిన సగానికి ఇంక పాలీషే తక్కువ. దానికి గంట సాలు" అంది అప్పలనరసమ్మ. "ఆకు కాలతంది, ఇయ్యాల పెయింటు కొట్టొద్దని ఆ రోజే మొత్తుకున్నాడు. జగ్గయ్య ఇన్నాడు కాదు."

సంధ్యారాణి తడి తలుపు మీద చెయ్యి వేసింది. "ఎవరమ్మా?"

"పన్లోంచి తీసేసినా, నీ కారు బాగుసేస్తేగానీ ఊరెల్లనని నా మగ్గట్టుకెల్లేడు తల్లీ. పొద్దున వాసిపోయిన సెయ్యి గుండెలకానించుకుని రోలుగుంట బస్సెక్కేసేడు, నువ్వెతుకుతున్న పెయింటరు సత్తిబాబు."