పిందెల దొంగ

కనకరాజు మేడ మీద పిందెలు మళ్లీ మాయమయ్యాయి.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి కళ్లారా చూసుకున్నాడు. పందిరి నిండా అల్లుకున్న తీగకు కుంకుడుకాయలంతేసి పిందెలు ఆకుపచ్చగా ఊరించాయి. ఈ సాయంత్రం చూస్తే బాగా ఊరినవన్నీ పోయి, బుడిపెల్లాంటివి మాత్రం మిగిలాయి. నెల రోజులుగా ఇదే తంతు.

నాచారంలో పంపుల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి ఈ పళ్ల పిచ్చి ఎలా అంటుకుందో ఎవరికీ తెలియదు. మొదట స్ట్రాబెర్రీ పెట్టాడు. అది మొదటి ఎండాకాలానికే మాడిపోయింది. మల్బరీ కాసింది గానీ పిట్టల పాలైంది. డ్రాగన్ ఫ్రూట్ జెముడులా బలిసి, భార్య కౌసల్యమ్మ చీరలు చింపడం తప్ప ఏ ఉపకారమూ చేయలేదు. నాలుగు బెండ గింజలు వేసుకుంటే కూరకైనా పనికొస్తాయి కదా అని ఆ ఇల్లాలు అంటే, కనకరాజుకు తిట్టినట్టుండేది.

చివరికి ఉప్పల్ నర్సరీలో ప్యాషన్ ఫ్రూట్ తీగ దొరికింది. కుండీ పక్కన పండు బొమ్మ పెట్టారు. ఊదారంగు పండు, లోపల బంగారు రంగు గుజ్జు. ఆయనకు అంతకు మించి వివరాలు అక్కర్లేకపోయింది.

తీగకు పిందెలు కనబడ్డ రోజున ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఆయన మాటలకు పట్టపగ్గాల్లేవు.

"గిది ఫారిన్ జాతి. పూత గీత ఏం లేదు, సీదా పిందెనే. మేడిపండు లెక్క."

మధ్యాహ్నం షిఫ్టుకు వచ్చి పక్కనే కూర్చున్న కృపానందం, మొదటి పండు నాదే బావా అని నవ్వాడు. ఆ నవ్వే అతని కొంప ముంచింది.

ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు. పక్కపక్కన ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్నారు. రెండు మేడలకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒకటే అడ్డం. ఒకరింటి క్రిస్మస్ కేకు, మరొకరింటి బతుకమ్మ సద్దులు ఆ గోడ మీదుగానే అటూ ఇటూ నడిచేవి. కానీ కనకరాజుది తెల్లవారక ముందే బయల్దేరే మొదటి షిఫ్టు. కృపానందానిది మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున పూట మేడ మీదికి రాగలిగినవాడు అతనొక్కడే. కుక్క ఎక్కలేదు, పిట్ట అయితే ముక్కలు రాలుస్తుంది. కనకరాజు లెక్క తేలిపోయింది.

డ్రాగన్ ఫ్రూట్ కుండీలన్నీ ఈడ్చి పిట్టగోడ పొడవునా పేర్చాడు. ఆ ముళ్లకు ఇన్నాళ్లకు ఒక ఉద్యోగం దొరికింది.

వేసిన పళ్లన్నీ పోయి మొగుడు పడ్డ దిగులు కౌసల్యమ్మ చూసింది. ఈ తీగైనా కాయాలని, పిందెలు కనబడ్డ రోజే యాదగిరిగుట్ట నర్సింహస్వామికి ఒక మొక్కు మొక్కుకుంది. ఏం మొక్కావని కనకరాజు అడిగితే, బయటికి చెబితే ఫలించదంది. ఆ రోజు నుంచీ ఆయన అటు డ్యూటీకి వెళ్లగానే ఇటు తలస్నానం చేసి పూజకు కూర్చునేది.

దేవుడు మాత్రం కరగలేదు. పిందెలు పోతూనే ఉన్నాయి.

ఇంతలో కృపానందం బిడ్డ గ్రేస్ పెళ్లి కుదిరింది. అతను కార్డు పట్టుకుని గోడ మీదుగా కాదు, వీధి గుమ్మంలోంచి వచ్చాడు. కుండీలు ఎందుకు కదిలాయో అతనికి ఎప్పుడో అర్థమైంది.

"నేను తెంపిన అనుకుంటె నా బిడ్డ పెండ్లికి రాకు బావా. అనుకోకుంటెనే రా."

కనకరాజు కార్డు అందుకున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. గ్రేస్‌కు నడక వచ్చింది ఈయన వేలు పట్టుకునే. చివరికి ఒక ఉపాయం తట్టింది. పెళ్లి ముందు రోజే కృపానందం ఇంటిల్లిపాదీ తాళం వేసి నారపల్లి ఫంక్షన్ హాలుకు వెళ్లిపోతారు. తాళం వేసి ఉండగా కూడా పిందెలు పోతే దొంగ వేరే ఎవడో. అప్పుడు సాయంత్రం విందుకు వెళ్లి కృపానందం కాళ్లయినా పట్టుకుంటాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి సిద్ధంగా పెట్టుకున్నాడు. పిందెలు పోవాలని మనసులో మొదటిసారి కోరుకున్నాడు.

కౌసల్యమ్మకు ఈ పరీక్షల గొడవ తెలియదు. కృపానందం భార్య రోజీ చేయి పట్టుకుని పిలిస్తే కాదనలేక, ముందు రోజే వాళ్లతో పాటు వ్యాన్ ఎక్కి వెళ్లింది.

పెళ్లి రోజు కనకరాజు మామూలుగానే డ్యూటీకి పోయి, సాయంత్రం వస్తూనే మేడ ఎక్కాడు.

పిందెలన్నీ ఉన్నాయి. నిన్న ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. పెద్దవి కొసన కాస్త నలిగినట్టున్నాయి గానీ, ఒక్కటీ పోలేదు.

నెల రోజులు కాచుకున్న పిందెలు కళ్ల ముందు ఉంటే ఏడుపొచ్చింది. తెల్లచొక్కా మళ్లీ బీరువాలో పెట్టేశాడు.

విందుకు తీసుకుపోదామని కౌసల్యమ్మ ఆటోలో వచ్చింది. గ్రేస్ పొద్దుటి నుంచి మామ ఏడి అని అడుగుతూనే ఉందట.

"వాళ్లింటికి తాళం వడ్డది, నా పిందెలు నిలిచినయి," అన్నాడు కనకరాజు. "ఇంకేం సాక్ష్యం గావాలె? ఇగ ఆ ఇంటి గడప తొక్క."

కృపానందం ఇంత పని చేస్తాడని కౌసల్యమ్మ కలలో కూడా అనుకోలేదు. కళ్లు తుడుచుకుని, కాళ్లు కడుక్కుని, దేవుడి గదిలో దీపం వెలిగించి చేతులు జోడించింది.

"నర్సింహసామీ, కాయ చేతికొచ్చేదాక ఆ తీగకు పొద్దుగాల మొగ్గ విచ్చి మాపటికి ముడుసుకునే పువ్వును పూసింది పూసినట్టే తెంపి నీ పాదాలకాడ వెడ్తనని మొక్కి, పెండ్లికి వోయి ఇయ్యాల ఒక్క పూట తెంపకపోతి, తప్పు కాయి తండ్రీ."