పోపుల పెట్టె పరీక్ష

గాజువాక టవర్లలో కిటికీలు మూసేసి పదకొండేళ్లయింది. ఇప్పుడు దాని గురించి ఎవరూ మాట్లాడరు. కిటికీ ఉండాల్సిన చోట ప్రతి ఇంట్లోనూ ఒక మానిటరు ఉంది. బయటి కెమెరా చూసినదాన్ని ఒక యూఎస్‌బీ అడాప్టరు దానికి అందిస్తుంది.

పైడితల్లి ఇంట్లో నెల రోజులుగా ఆకాశం జీలకర్ర రంగులో ఉంది. అడాప్టరు పాడైందని ఆమె ఫోన్ చేస్తే మెకానిక్ రెజీనా వచ్చింది. వైరు పట్టుకుని కెమెరాను గోడ కన్నంలోంచి లోపలికి లాగి, దాని అద్దం తుడిచింది.

"పోపుల పెట్టె ఇలా తే అక్కా," అంది. ఏ ఇంటికి వెళ్లినా ఆమె అడిగేది అదే. కెమెరా రంగులు సరిచూడటానికి ఆఫీసు ఇచ్చిన కార్డు ఎప్పుడో వెలిసిపోయింది.

కెమెరా ముందు పెట్టె మూత తీశారు. మానిటరులో పసుపు పసుపుగానే ఉంది, కారం ఎర్రగానే ఉంది. రెజీనా అడాప్టరు మార్చి చూసింది. తేడా ఏమీ లేదు. కెమెరాను మళ్లీ బయటికి తోసింది. ఆకాశం జీలకర్ర రంగులోనే వచ్చింది.

"అడాప్టరు పాడైందని ఎవరు చెప్పారక్కా?"

"మా ఆయనే. రోజూ బయట డ్యూటీకెళ్లేది ఆయనే కదా. అక్కడ ఆకాశం నీలంగానే ఉందంట."

రెజీనా పాత అడాప్టరునే మళ్లీ తగిలించింది. పైడితల్లి కాసేపు పెట్టెలోని పసుపు వైపు చూసింది.

"నీలం పెంచేసి ఎల్లిపోమ్మా," అంది. "సాయంత్రం ఆయనొచ్చి, బాగైందా అనడుగుతాడు."

రెజీనా నీలం పెంచింది. పైడితల్లి పెట్టె మూత నొక్కి పెట్టి, బియ్యం కడగడానికి లేచింది.