వీధి మాట

"మీ వీధి సంగతి నాకెందుకు? లోపలికెళ్ళి నా పేరు చెప్పు, అంతే!" అన్నాడు తాళాల కొట్టాయన, సంఘం హాలు మెట్ల మీద భార్యకు అడ్డంగా నిలబడి.

కుట్టుమిషను వదిలి హడావుడిగా వచ్చిందేమో, ఆమె మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. "దర్జీల వీధి గొడుగులాయన్ని కోరుకుంది. ఆ మాట చెప్పడానికే నన్ను పంపారు."

మార్కెట్ సంఘంలో పద్ధతి అది. అధ్యక్షుణ్ణి దుకాణదారులు నేరుగా ఎన్నుకోరు. ఒక్కో వీధి ముందే ఒక ప్రతినిధిని పెట్టుకుంటుంది. పోటీదారులెవరో తేలాక, తనకెవరు కావాలో ఆ ప్రతినిధికి చెబుతుంది. ఏడు వీధుల ప్రతినిధులూ తలుపులు వేసుకుని, ఒకరి తర్వాత ఒకరు ఒక పేరు పైకి చెబుతారు. వీధి మాటే చెప్పాలన్నది ఆనవాయితీ. చెప్పకపోతే శిక్షేమీ లేదు. మన తాళాలాయన ఆశంతా ఆ లొసుగు మీదే.

"నాలుగు వీధులు మీవైపే ఉన్నాయిగా. మళ్ళీ నా ఓటెందుకు?" అందామె.

"పిచ్చిదానా! అందులో ఒకటి ఆ గొడుగులవాడి సొంత వీధి. వాళ్ళు నన్నే కోరుకున్నారు, నిజమే. కానీ ఆ వీధి ప్రతినిధి ఎవరు? వాడే! తన నోటితో నా పేరు చెప్తాడా? నాకు టోపీ పెట్టేస్తాడు."

"అలా చేస్తారని మీకెలా తెలుసు?"

"నేనైతే అదే చేస్తాను కాబట్టి!"

ఆయన గొంతు తగ్గింది. "ఇప్పటికి రెండుసార్లు ఓడాను. ఈసారీ ఓడితే, అదీ ఇంటిదాని ఓటు పడక ఓడితే, బజార్లో తలెత్తుకుని తిరగగలనా? నువ్వే చెప్పు."

ఆయన కళ్ళు చెమర్చాయి. ఆమెకు జాలేసింది. ఇంత కాపురంలో ఆయన ఇలా బతిమాలడం ఎప్పుడూ చూడలేదు. అయినా ఔననీ కాదనీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

తలుపులు మూసుకున్నాయి. తాళాలాయన బయట కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. జేబులో తాళాల గుత్తి గలగల్లాడుతూనే ఉంది. చివరికి వాచ్‌మన్ తలుపు తీసి కేకేశాడు.

"నాలుగు, మూడు! తాళాలాయన గెలిచారు!"

ఆయన ఎగిరి గంతేశాడు. భార్య బయటికి రాగానే ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. వెనకే వచ్చిన గొడుగులాయన, "అభినందనలండీ" అని చెయ్యి చాపాడు.

తాళాలాయన నోరు ఊరుకుంటుందా? "ఏమీ అనుకోకండి. మీరెన్ని ఎత్తులు వేసినా, మా ఇంట్లో ఓటు మా ఇంట్లోనే ఉంటుంది."

గొడుగులాయన ఒక్కసారి ఆమె వంక చూశాడు. "వస్తానమ్మా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"మొహం చూశావా, ఎలా మాడిపోయిందో!" తాళాలాయన పొంగిపోయాడు. "నా పరువు నిలబెట్టావే. మాట తప్పావని మీ వీధివాళ్ళు తిడితే తిట్టనీ, నేను చూసుకుంటాను."

"నన్నెందుకు తిడతారు? వాళ్ళు చెప్పమన్న పేరే చెప్పాను." ఆమె మెడలోని టేపు తీసి, వేళ్ళకు చుట్టుకుంటూ అంది. "మీ పేరు చెప్పింది ఆయన."