మూడుకు పైన లేదు

“ఆరు వేసి సూసినావా?” అని గిరిప్రసాద్ సార్ అడిగాడు.

“లేదు సార్,” అంది కోమలి నిలబడి.

తిరుపతిలో ఎంసెట్‌కు పేరుమోసిన కాలేజీ. అందులో మొదటి బ్యాచ్. సార్ సొంతంగా రాసి అచ్చు వేయించిన మెటీరియల్‌లో లెక్క: x³ + 4x² − 11x − 6 = 0, పెద్ద మూలం ఎంత? జవాబు ఆరు అని వెనక పేజీలో ఉంది. తరగతిలో యాభై తొమ్మిది మందికి ఆరే వచ్చింది. ఎలా వచ్చిందని అడక్కండి, వెనక పేజీలో ఉంది కాబట్టి వచ్చింది. రానిది కోమలి ఒక్కదానికే.

“వేసి సూడకుండానే కాదని ఎట్ల సెప్తావు?”

“మూడుతో భాగిస్తే కింది వరసంతా ప్లస్సులే వచ్చినాయి సార్. అట్ల వస్తే మూడుకు పైన మూలమే ఉండదని పోయిన వారం మీరే సెప్పినారు. కిందికి పోతే మైనస్ ఆరు దాటి లేదు. ఇంక ఆరు దాకా పోయే పనేముంది?”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ మొహం ఎర్రబడింది. జవాబు ఆరు అని నోట్సులో రాసి కూర్చోమన్నాడు. కోమలి రాయలేదు. రాని ఆరును ఎలా రాయాలని అడిగింది. అంతే, సాయంత్రానికి ఆమె పేరు మొదటి బ్యాచ్‌లో లేదు. ఉచిత సీటు ఆ బ్యాచ్‌కే కాబట్టి హాస్టల్లో మంచమూ లేదు.

మర్నాడు పాకాల నుంచి వాళ్ళ నాయన మునస్వామి వచ్చి సార్‌కు చేతులు జోడించాడు. క్రమశిక్షణ ముఖ్యమని సార్ చెప్పాడు. మునస్వామి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లు దిగుతూ, “ఆయప్ప సెప్పిన నంబరే వేసింటే నీ సొమ్మేం పోయిండునే?” అని కూతుర్ని తిట్టాడు. లెక్క తప్పని కోమలి ఆయనకు ఎలా చెప్పగలదు? ఏడుస్తూ వెంట నడిచింది.

కొత్తగా చేరిన లెక్కల లెక్చరర్ ధనంజయకు మనసు ఊరుకోలేదు. ఆ లెక్క మూడుసార్లు చేసి చూసి, స్టాఫ్ రూములో భయపడుతూనే నోరు విప్పాడు.

“సార్, ఆ పాప సెప్పిందే రైటు. అచ్చులో మైనస్ బదులు ప్లస్ పడినట్టుండాది, మైనస్ అయితే ఆరే వస్తాది.”

గిరిప్రసాద్ టీ గ్లాసు కింద పెట్టాడు.

“పడలేదప్పా, నేనే పెట్టించినా. మన మెటీరియల్‌ని వేరే కాలేజీవోళ్ళు కాపీ కొట్టి అచ్చేసుకుంటే ఆ ప్లస్సుతోనే దొరికిపోతారని. దొంగ కోసం మూడేండ్లుగా కాసుకోనుండా. దొరికింది ఆ పిల్లొకతే.”