గోడమ్మ

పడవ ఎలా పోయిందని అడిగితే, గోడకి కొట్టుకుని పగిలిపోయిందని చెప్పింది ఆవిడ.

వరుసలో నిలబడ్డ మగవాళ్ళు గొల్లుమన్నారు.

వరద తీసి ఎన్నాళ్ళో కాలేదు. వంతెన కొట్టుకుపోయింది. నది దాటాలంటే ఇక పడవలే దిక్కు. రేవు పక్కనున్న గోడౌనులో సహాయ సంఘం వాళ్ళు బల్ల వేసుకుని, పడవలు పోగొట్టుకున్నవాళ్ళకి కొత్తవి ఇస్తున్నారు.

సంఘం కార్యదర్శి చెడ్డవాడేం కాదు. సొంత ఇంట్లో మోకాలిలోతు బురద పెట్టుకుని, పొద్దున్నే వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. పురిటికని వచ్చిన కూతుర్ని ఆసుపత్రి నుంచి పక్క ఊరికి తరలించారనీ, తల్లీపిల్లా క్షేమమేననీ కబురు అందింది గానీ, వెళ్ళి చూసే తీరిక ఇంకా దొరకలేదు.

నవ్వు ఆపుకోవడం మాత్రం ఆయన వల్లా కాలేదు.

"అంత నది వదిలేసి గోడ మీదికి పోనిచ్చావా తల్లీ?"

"అవును బాబూ. అప్పుడు లోపల..."

మిగతా మాట నవ్వుల్లో కలిసిపోయింది.

మీ ఆయన్ని పంపించమన్నాడు కార్యదర్శి. ఆయన పోయి చాలా ఏళ్ళయిందనీ, అప్పట్నుంచీ ఎగువ రేవులో పడవ నడుపుతున్నది తనేననీ చెప్పిందావిడ. మరి సాక్షులెవరని అడిగాడు. తన రేవులో సగంమంది ఏ ఊళ్ళో తలదాచుకున్నారో తనకే తెలియదంది.

ఇంటి యజమానికి పడవ, ఆడవాళ్ళకి వంటగిన్నెల సెట్టు. అది పైనుంచి వచ్చిన రూలు. ఆయన పెట్టింది కాదు. అదేమి రూలని అడగాలని ఆయనకి తోచనూలేదు.

"పొయ్యే లేనిదాన్ని, గిన్నెలేం చేసుకోను బాబూ? పడవుంటే గిన్నెలు నేనే కొనుక్కుంటాను."

"చూసి నడపడం రానివాళ్ళకి పడవిస్తే, ఎక్కినవాళ్ళ ప్రాణాలకి ఎవరమ్మా పూచీ?"

ఆవిడ గిన్నెల మూట తీసుకుని పక్కకి జరిగింది.

సాయంత్రానికల్లా ఆవిడకి గోడమ్మ అని పేరు పడింది.

ఆ రోజే, రేవులో టీకొట్టు పెట్టుకున్న అతనికి పడవ వచ్చింది. నీళ్ళతో అతనికున్న సంబంధమల్లా పాలలో కలపడం వరకే. కానీ తనకీ ఒక పడవలో వాటా ఉండేదన్నాడు. అవునవునని ఇద్దరు మగవాళ్ళు తలూపారు. అది సరిపోయింది.

మర్నాడు అతను పడవెక్కి నది మధ్యకి వెళ్ళాడు. అక్కడ గిరగిరా తిరుగుతుంటే, ఒడ్డునున్నవాళ్ళు తాడు విసిరి లాగారు.

అప్పుడు గోడమ్మని పిలిచి తెడ్డు చేతికిచ్చాడు. వచ్చినదాంట్లో పావు ఆవిడకన్నాడు. మగవాడైతే సగం అడిగేవాడు, ఇతను ఇచ్చేవాడు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఒప్పుకుంది.

ఆవిడ తెడ్డు పట్టాక ఆ పడవకి గిరాకీ పెరిగింది. సుడి ఎక్కడుందో, నీళ్ళ అడుగున ఏ గోడ కూలి ఉందో చూసుకుని నెమ్మదిగా దాటించేది. కూలిపనికి వెళ్ళే ఆడవాళ్ళు ఆవిడ పడవ కోసం ఆగేవారు. మగవాళ్ళూ ఎక్కేవారు, ఎక్కి దారిలో గోడలేమైనా తగులుతాయా అని వేళాకోళమాడేవారు.

ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఒకసారి మరో ముగ్గురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని సంఘానికి వెళ్ళింది. నలుగురికీ కలిపి ఒక్క పడవ ఇమ్మని అడిగింది. వంతులవారీగా నడుపుకుంటాం, నాలుగు ఇళ్ళు గడుస్తాయంది. మంచి ఆలోచనే అన్నాడు కార్యదర్శి. కాకపోతే పూచీగా ఒక మగవాణ్ణి తెచ్చుకోమన్నాడు.

నలుగురూ మెట్లు దిగారు.

ఆ తర్వాత టీకొట్టు అతని బావమరిది రోజూ పడవలో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆవిడ పక్కనే కూర్చుని తెడ్డు పట్టడం నేర్చుకున్నాడు. నేర్పింది ఆవిడే. చెయ్యి తిరిగాక, ఇక రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదని టీకొట్టు అతను ఆవిడకి చెప్పేశాడు.

ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు. గిన్నెలు అమ్మేసి, వచ్చిన డబ్బుతో బస్సెక్కి, పని వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

దారులు బాగుపడ్డాక కార్యదర్శి కూతురు పసిపిల్లతో పడవలో వచ్చింది. ఆయన రేవు దాకా ఎదురెళ్ళి, మనవరాల్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

కూతురు మాత్రం పడవ దిగకుండానే రేవులోని పడవలన్నీ కలయజూసింది. ఎగువ రేవులో పడవ నడిపే ఆవిడ ఏదని అడిగింది. ఇక్కడే ఉందని ఎవరో చెప్పారట.

"ఎవరు, గోడమ్మా?" అంటూ నవ్వాడాయన. గోడ సంగతి, గిన్నెల సంగతి చెప్పుకొచ్చాడు.

కూతురు నవ్వలేదు.

"ఇప్పుడెక్కడుంది?"

"వెళ్ళిపోయిందమ్మా. ఎక్కడికో తెలీదు. ఏం?"

ఆమె పడవలో అక్కడే, తడి బల్ల మీద కూర్చుండిపోయింది.

"బీరువా అడ్డం పడి వార్డు తలుపు తెరుచుకోలేదు నాన్నా. కిటికీలకి ఊచలు. నీళ్ళు మంచాల పైకొచ్చేశాయి. పిల్లల్ని నెత్తిన పెట్టుకుని అరిచాం. ఆ ఊచలు ఊడివచ్చేదాకా ఆవిడ తన పడవనే గోడకేసి కొట్టింది."