మూడో అంతస్తులో అక్వేరియం

అక్వేరియాన్ని బరువు మోసే గోడకి ఆనించి పెట్టారు. పాత బిల్డింగు, నేల కింద చెక్క దూలాలు. హాలు మధ్యలో పెడితే కుంగిపోయి కింది ఇంటి ముసలావిడ నెత్తిన పడుతుందని జయసాగర్ భయం. అందుకే దూలాలకి అడ్డంగా మందపాటి పలక పరిచి, దాని మీద నిలబెట్టాడు. కరోనాకి మూతబడిన ఓ రెస్టారెంటు వాళ్లు వదిలించుకున్న గాజు తొట్టె అది. మనిషి పొడుగుంటుంది.

చేపలు మాత్రం కొనలేదు.

జయసాగర్ తల్లి ఏసుకుమారి సోఫాలో ముడుచుకుని కూర్చుని ఆ తొట్టెనే చూస్తోంది. నీళ్లంటే ఆవిడకి చచ్చేంత భయం. చిన్నప్పుడు చెల్లెలు కళ్లెదుటే కాలవలో కొట్టుకుపోయింది. ఆ తర్వాత చెంబుతో పోసుకోవడమే తప్ప మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగిన మనిషి కాదు. మనవరాల్ని చూద్దామని చీరాల నుంచి జర్మనీలోని హానోవర్ వస్తే, విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుబడిపోయింది. అప్పట్నుంచీ తల్లీకొడుకుల మధ్య ఒకటే పేచీ. ఇవాళ్టితో ఆ పేచీ వదిలిపోతుందని కొడుకు పొద్దున ఫోనులో అనడం ఆవిడ చెవిన పడనే పడింది.

ఫోనులో మాట్లాడినతను ఇప్పుడు వచ్చాడు. కొడుకు ఆఫీసులో పనిచేసే నథానియేల్. ఇంటికి ఒక్క మనిషిని మించి రానివ్వని రోజులు మరి. వస్తూనే చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఇంట్లో టబ్బుంటే ఈ తంటా ఉండేది కాదు తమ్ముడూ."

"షవరే కదన్నా. చెరువు దగ్గరికి తీసుకెళ్దామంటే గడ్డ కట్టేసింది."

పైపులోంచి నీళ్లు నెమ్మదిగా నిండుతున్నాయి. నేల కిర్రుమంది. జయసాగర్ నీళ్లు ఆపి, కిందికి వంగి చెవి ఆనించి విని, మళ్లీ వదిలాడు. అంచు దాకా వద్దని, అమ్మగారు దిగితే మట్టం లేస్తుందని నథానియేల్ హెచ్చరించాడు. కోడలు కెరోలిన్ కిటికీలకి తెరలు లాగేసింది. అత్తగారి మొహం కేసి చూడనైనా చూడలేదు, మహాతల్లి.

"తల పూర్తిగా మునగాలి" అన్నాడు నథానియేల్ గొంతు తగ్గించి. "పైపైన తడిస్తే లెక్కలోకి రాదు."

"భయపడి గింజుకుంటే?"

"నేను గట్టిగా పట్టుకుంటాగా. నువ్వు కాళ్ల దగ్గరుండు."

ఏసుకుమారికి లేచి పారిపోదామా అనిపించింది. ఎక్కడికని పోతుంది? బయట మంచు, భాష రాని ఊరు.

"రామ్మా" అన్నాడు కొడుకు.

చెరో రెక్కా పట్టుకుని, స్టూలు ఎక్కించి, తొట్టెలోకి దింపారు. కూర్చోగానే నీళ్లు గుండెల దాకా వచ్చాయి. నేల మళ్లీ కిర్రుమన్నా ఈసారి ఎవరూ పట్టించుకోలేదు. నథానియేల్ అరచెయ్యి ఆవిడ ముక్కూ నోరూ మూసేసింది. రెండో చెయ్యి మెడ వెనక బిగిసింది. అలాగే వెనక్కి వంచి నీళ్లలోకి నొక్కాడు. చెవుల్లోకి నీళ్లు పోటెత్తాయి, ఇంకేమీ వినపడలేదు.

ఆదివారాలు పాస్టరుగా ఉండే నథానియేల్ పైకి లేపి కూర్చోబెట్టగానే, ఈ కరోనాలో బాప్తిస్మం తీసుకోకుండానే పోతానేమోనని ఇన్నాళ్లూ కొడుకు ప్రాణం తోడేసిన ఏసుకుమారి, కోడలు పట్టుకున్న ఫోనులో చప్పట్లు కొడుతున్న చీరాల సంఘం వాళ్లకి తడి చెయ్యి ఊపి, పసిపిల్లలా నవ్వింది.